తిత్తి మాది, కొలిమి వాళ్ళది

మా ఊళ్ళో ఇనుము కథ చెప్పాలంటే ముందు తోలు కథ చెప్పాలి. చరిత్ర పుస్తకాలు ఈ రెంటినీ ఒకచోట పెట్టవు. ఇనుము పాఠంలో రాజులొస్తారు, కత్తులొస్తాయి, వర్తకులొస్తారు. తోలు పాఠం అసలుండదు.

కొలిమికి గాలి కావాలి. గాలికి తిత్తి కావాలి. తిత్తికి తోలు కావాలి. ఆ తోలు మాదిగపల్లె నుంచి పోవాలి. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, చర్మం ఒలిచి, సున్నపు నీళ్ళలో నానేసి, బొచ్చు గీకి, లందలో తంగేడు చెక్క పోసి రోజుల తరబడి ఊనితేగాని చర్మం తోలు కాదు. ఆ కంపులో నిలబడి, సున్నానికి గోళ్ళు తినిపోయిన చేతులతో మా తాత తిత్తి కుట్టేవాడు. తిత్తి కొలిమి లోపలికి పోయేది, మా తాత బయటే ఉండేవాడు. చిరుగు పడితే కమ్మరి దాన్ని వీధిలో పడేసేవాడు. మా తాత ఆ దుమ్ములోనే కూచొని కుట్టి, నేల మీద పెట్టి, పక్కకు జరిగేవాడు. వాళ్ళు నీళ్ళు చల్లి లోపలికి తీసుకునేవాళ్ళు. దానికి వేరే కూలి లేదు. కళ్ళం దగ్గర రైతు పెట్టే మేర గింజల్లోనే అదీ కలిసిపోయేది.

కమ్మరిని తిట్టడానికి ఇది రాయటం లేదు. కమ్మరి కూడా కళ్ళం దగ్గర చేట పట్టుకొని నిలబడ్డవాడే. కాని ఆయన పనికి ఒక గౌరవం ఉంది, విశ్వకర్మ ఉన్నాడు, ఊరు వినే పురాణం ఉంది. మాకూ జాంబపురాణం ఉంది గాని అది పల్లె దాటి ఊళ్ళోకి పోయింది లేదు.

తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళని 19వ శతాబ్దంలో ఆ ఊరు చూసిన ఇంగ్లీషువాళ్ళు రాసిపెట్టారు. డమాస్కస్ కత్తులకు దక్షిణాది ఉక్కు పోయిందని లోకమంతా ఒప్పుకుంది. ఆ ఉక్కును ఇంగ్లీషువాడు 'ఊట్జ్' అన్నాడు, అది మన 'ఉక్కు' మాటే అని చెప్తారు. మంచిదే, గర్వపడదాం. కాని ఏ ఉక్కయినా గాలి లేకుండా కరగదు. ఆ గాలి ఊదిన తిత్తులు ఎవరి చేతి తోలు? కత్తి పట్టినవాడి పేరుంది, అమ్మినవాడి జాతి ఉంది, చూసి రాసినవాడి పేరుంది. తోలు ఊనినవాడు ఆ లెక్కలో లేడు. చరిత్రలో మేం ఇలా ఉంటాం. పని ఉంటుంది, మనిషి ఉండడు.

మా నాయన కాలానికి ఆ పని కూడా పోయింది. అంతకు ముందు బావుల మీద కపిల తోలేవాళ్ళు. కపిలకు తోలు బొక్కెన, దానికి తొండం, వార్లు, అన్నీ మా పల్లె నుంచే. ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. బొక్కెన అటకెక్కింది. రబ్బరు చెప్పులొచ్చి తోలు చెప్పులూ పోయాయి. కొలిమికి ఇనప ఫ్యాను బిగించారు, చెయ్యి తిప్పితే గాలి వస్తుంది. తిత్తి పోయింది. పని పోతే కులమూ పోవాలి కదా! పనిని బట్టే కులం వచ్చిందని మాకు బళ్ళో చెప్పారు. మా నాయన చెప్పు కుట్టటం మానేసి పొగాకు బేరన్ల కాడ కూలికి పోయాడు. అయినా ఆయన మాదిగోడే. చేతిలోంచి ఆరె జారిపోయింది, నెత్తి మీద కులం జారలేదు.

'కులవృత్తి' అనే మాట మీద మా ఇంట్లో మోజు లేకపోవడానికి కారణం ఇదే. దాన్ని పొగిడేవాళ్ళు ఎప్పుడూ ఆ వృత్తి చేసినవాళ్ళు కారు.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ఒక చదువు పథకం తెచ్చింది. పల్లెటూరి పిల్లలకు బడి రోజుకు మూడు గంటలు చాలు, మిగతా పూట ఇంటికాడ తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి అన్నారు. ఆ విద్యా సంవత్సరం మొదలైన నాటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది అక్టోబరు 1న. తమిళనాట ద్రావిడ ఉద్యమం ఆ పథకానికి 'కులవిద్య' అని పేరు పెట్టి వీధుల్లోకి వచ్చింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయి దాన్ని ఎత్తేశారు. ఒక్కసారి ఆలోచించండి. బ్రాహ్మణ పిల్లవాడు ఇంటికాడ సగం పూట నేర్చుకునేది ఏది? మాదిగ పిల్లవాడు నేర్చుకునేది ఏది? ఒకడికి మళ్ళీ చదువే. ఇంకొకడికి లంద.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో ఆలోచన అంతకు ముందే మొదలయింది. 1942లో అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా చేరారు. అదే ఏడు వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో అంటరాని కులాల పిల్లలకు సైన్సు, టెక్నికల్ చదువులకు ప్రభుత్వం డబ్బివ్వాలని, ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వేల్లో అప్రెంటిసులుగా తీసుకోవాలని అడిగారు. మా తండ్రుల పని మాకు నేర్పమని అడగలేదు. మా తండ్రుల్ని ఎవరూ గడప ఎక్కనివ్వని చోట మమ్మల్ని నిలబెట్టి నేర్పమని అడిగారు. యుద్ధం అయిపోతున్న రోజుల్లో, 1945లో, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళకు పని చూపించడానికి కేంద్రంలో ఒక డైరెక్టరేటు పెట్టారు. దాని చేతి మీదుగానే 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము వచ్చింది. మొదట సుమారు 50 సంస్థలు. అవే ఐ.టి.ఐ.లు. 1956లో జాతీయ వృత్తి శిక్షణ మండలి ఏర్పడింది. దేశమంతా ఒకే సిలబసు, ఒకే పరీక్ష, ఒకే సర్టిఫికెట్టు.

ఈ సర్టిఫికెట్టు మీద ట్రేడు పేరుంటుంది, తండ్రి పేరుంటుంది. తండ్రి ట్రేడు ఉండదు. చిన్న సంగతిలా కనపడుద్ది గాని, మన దేశంలో అది చిన్నది కాదు. పని పుట్టుకతో రాదు, నేర్పితే వస్తుంది అని ప్రభుత్వం ముద్ర వేసి ఒప్పుకున్న కాగితం అది.

నేను 1984లో కోస్తాలో ఒక పట్నంలోని ఐ.టి.ఐ.లో చేరాను. పదో తరగతి పాసయ్యాను కాబట్టి ఎలక్ట్రీషియన్‌కో ఫిట్టరుకో అర్హత ఉంది. ఆ ట్రేడులు రెండేళ్ళు. వెల్డరు ఒక్క ఏడాది, ఎనిమిదో తరగతి పాసైనా చాలు. దరఖాస్తు తీసుకున్న గుమస్తా నా కులం సర్టిఫికెట్టు చూసి, "వెల్డింగు రాసుకో అబ్బాయ్, మీవాళ్ళకు మంట కాడ పని బాగా పట్టుబడుద్ది" అన్నాడు. నేను ఎలక్ట్రీషియన్ అనే రాశాను. లిస్టులో వెల్డరుకి వచ్చింది. మా బ్యాచిలో పన్నెండు మందిమి ఉంటే ఏడుగురం హాస్టలు పిల్లలం. ఎలక్ట్రీషియన్ బ్యాచిలో మావాళ్ళు ఇద్దరే. ఎక్కడ తక్కువ చదువు చాలునో, ఎక్కడ పొగ ఎక్కువో అక్కడికి మేం. రిజర్వేషను గేటు దాకా తీసుకొచ్చింది. గేటు లోపల ఏ షెడ్డులోకి పోవాలో ఇంకెవరో చెప్పారు.

షెడ్డులో మొదటి నెల మంట ముట్టనివ్వలేదు. ఆకురాయి పట్టి ఇనుము రుద్దించారు. ఎం.ఎస్. ప్లేటు అంచు నున్నగా, గుండు సూది దూరనంత తిన్నగా రావాలి. తర్వాత గ్యాసు. ఆక్సిజన్ నల్ల సిలిండరు, ఎసిటిలిన్ ఎర్రది. టార్చి వెలిగించి ఎసిటిలిన్ పొగ తగ్గించి ఆక్సిజన్ కలుపుతూ పోతే మంట నడుమ తెల్లటి మొన తేలుతుంది. ఆ మంట వేడి 3,000 డిగ్రీలు దాటుద్ది. ఇనుము కరగటానికి 1,535 చాలు. ఆ తర్వాత కరెంటు వెల్డింగు. పది గేజీ రాడ్డు హోల్డరుకు పెట్టి, ప్లేటుకు అగ్గిపుల్ల గీసినట్టు గీసి, వెంటనే రాడ్డు మందమంత ఎత్తి పట్టుకోవాలి. ఎత్తు ఎక్కువైతే మంట ఆరిపోద్ది, తక్కువైతే రాడ్డు అతుక్కుపోద్ది. చెయ్యి వణక్కూడదు. రాడ్డు కరిగిపోతా ఉంటే చెయ్యి దిగుతా పోవాలి, అదే సమయానికి ముందుకూ నడవాలి. వేసింది బీడు. దాని మీద కట్టిన చిట్టెం సుత్తితో కొట్టి, వైరు బ్రష్షుతో రుద్దితే కింద అల వెనక అల తీరుగా గీతలు కనపడాలి.

మా ఇన్‌స్ట్రక్టరు కమ్మరి ఇంటాయన. చేతిలో గొప్ప విద్య ఉంది. "ఒరే, ఇనుము మా రక్తంలో ఉందిరా. మీరు కష్టపడి నేర్చుకోవాలి" అనేవాడు. నేను మనసులో అనుకునేవాణ్ణి. ఆయన తాత కొలిమిలో ఇనుము ఎర్రగా కాలింది, తెల్లగా కాలింది. రెండు ముక్కల్ని తెల్లగా కాల్చి సమ్మెటతో కొట్టి అతికేవాళ్ళు. అంతేగాని నీళ్ళలా కరిగించి అతికింది లేదు. కరెంటు మంటతో అతికే పద్ధతికి యూరపులో పేటెంటు పుట్టిందే 1880లలో. పూత పూసిన రాడ్డు స్వీడన్‌లో తయారయింది 20వ శతాబ్దం మొదట్లో. అది ఆయన రక్తంలోనూ లేదు, నా రక్తంలోనూ లేదు. ఇద్దరం నేర్చుకున్నవాళ్ళమే. ఆయన నాకంటే ముందు నేర్చుకున్నాడు, అంతే.

అయినా ఆయన నేర్పటంలో దాపరికం చెయ్యలేదు. ఆర్కు ఎత్తు సరిగా ఉందో లేదో కంటితో కాదు, చెవితో తెలుసుకోవాలని చెప్పింది ఆయనే. "అప్పడం వేగినట్టు రావాలిరా చప్పుడు" అనేవాడు. మా ఇంట్లో అప్పడాలు వేయించింది నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆ చప్పుడు వేరేగా తెలుసు. ఎండిన తునకలు నిప్పుల మీద వేస్తే కొవ్వు కరిగి చిటపటలాడుద్ది, సరిగ్గా అదే. ఆ మాట షెడ్డులో పైకి అనే వీలు లేదు. కాని హాస్టలు పిల్లలం మాలో మేం అలాగే చెప్పుకున్నాం. "తునకల చప్పుడు వొస్తందా?" అని ఒకడు అడిగితే, "వొస్తంది" అని ఇంకొకడు. మా ఏడుగురికీ బీడు తొందరగా కుదిరింది.

షెడ్డులో తోలు మళ్ళీ ఎదురయింది. వెల్డరు వేసుకునేవన్నీ తోలువే. చేతి తొడుగులు, ముందు కట్టుకునే ఏప్రాను, కాలి మీద నిప్పురవ్వలు పడకుండా గెటార్లు. ఊళ్ళో తోలు ముట్టుకుంటే నీళ్ళు చల్లుకునే ఇళ్ళ పిల్లలు ఇక్కడ మెడ నుంచి మోకాలి దాకా తోలు కట్టుకొని నిలబడ్డారు. ఎవరికీ మైల పట్టలేదు. కాని షీల్డు దగ్గర పట్టింది. ఇద్దరికి ఒక షీల్డు. మొహానికి దగ్గరగా పట్టుకుంటాం కాబట్టి చెమట, ఊపిరి తగులుద్ది. నా జతగాడు నేను వాడిన షీల్డును తడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి అప్పుడు పట్టుకునేవాడు. పొడిగుడ్డ పనికి రాదు, తడిగుడ్డే. మా తాత తిత్తి మీద చల్లిన నీళ్ళే అవి. ముప్పై, నలభై ఏళ్ళు నడిచి ఐ.టి.ఐ. షెడ్డులోకి వచ్చాయి.

దీనికంటే పెద్ద దెబ్బ డ్రాయింగు గదిలో తగిలింది. వారానికి కొన్ని పీరియడ్లు ఇంజినీరింగు డ్రాయింగు. అక్కడ బోర్డులు తక్కువ. ఫిట్టర్లకు, ఎలక్ట్రీషియన్లకు ముందు. మా వంతు వచ్చేసరికి గంట కొట్టేవాళ్ళు. ఒకరోజు అడిగితే ఆ మాస్టారు, "వెల్డరుకు డ్రాయింగెందుకయ్యా? గీసినకాడ కాల్చేవాడు చాలు" అన్నాడు. మామూలుగా అన్నాడు, కోపం కూడా లేదు. నాకు మాత్రం ఆ మాటలో మొత్తం ఊరు కనపడింది. చెయ్యి మాకు, కన్ను వాళ్ళకు. కాల్చేది మేము, ఎక్కడ కాల్చాలో చెప్పేది వాళ్ళు. వేల ఏళ్ళుగా పనిని ఇట్లాగే కోశారు. పని చేసేవాడికి అక్షరం రాదు, అక్షరం వచ్చినవాడు పని ముట్టడు. ఐ.టి.ఐ. ఆ కోత మీద కుట్టు వేయడానికి పుట్టింది. ఆ గదిలో మళ్ళీ అక్కడే కోశారు.

నాకు డ్రాయింగు నేర్పింది హాస్టల్లో ఉండే ఫిట్టరు ట్రేడు సీనియరు ఒకాయన. మాలపల్లె ఆయన. అన్నా అని పిలిచేవాణ్ణి. రాత్రిళ్ళు నేల మీద సుద్దతో గీసి చూపించేవాడు. ముందు నుంచి చూస్తే ఎట్లా ఉంటది, పై నుంచి చూస్తే ఎట్లా ఉంటది, పక్క నుంచి ఎట్లా. బాణం గుర్తు మీద చిన్న త్రికోణం ఉంటే ఫిల్లెట్ వెల్డు, గీత కింద ఉంటే ఈ వైపు, పైన ఉంటే ఆ వైపు. అమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టి ఇచ్చిన డబ్బుతో డ్రాయింగు పెట్టె కొన్నాను. ఆ కమ్మలు విడిపించింది నాకు రెండో ఉద్యోగం వచ్చాక.

మా పరీక్షల నెల జులై 1985. ఆ నెల 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. గొడవ మొదలయింది తాగే నీళ్ళ చెరువు దగ్గర. గేదెల కుడితి నీళ్ళు చెరువులో పడతాయని అడ్డం వచ్చిన మున్నంగి సువార్తను కొట్టబోతే, ఆమె బిందె ఎత్తింది. బతికినవాళ్ళు చీరాల పారిపోయి వచ్చారు. హాస్టళ్ళ నుంచి పిల్లలం బియ్యం పోగు చేసి మోసుకుపోయాం. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళ మాటలు మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే. దళిత మహాసభ ఆ ఏడే పుట్టింది. అంతవరకు షీల్డు తుడిచిన తడిగుడ్డ నా ఒక్కడి అవమానం అనుకున్నాను. చీరాలలో దానికి ఊరు పేరు, చెరువు పేరు, చచ్చినవాళ్ళ పేర్లు తెలిశాయి. ప్రాక్టికల్ పరీక్ష రోజున నాకిచ్చిన ముక్క వర్టికల్ బట్ జాయింటు. నిలువు జాయింటులో కరిగిన లోహం కిందికి జారిపోవాలని చూస్తుంది. దాన్ని కింద నుంచి పైకి, మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ ఎక్కించాలి. ఎక్కించాను.

పాసై ఊరికి వచ్చిన ఏడాదికి మా పల్లె బోరింగు హ్యాండిలు విరిగింది. ఊళ్ళోకి పోయి నీళ్ళు అడుక్కునే రోజులు మళ్ళీ వచ్చేటట్టున్నాయి. పంచాయతీకి చెప్పారు, మెకానిక్కు రేపు రేపు అన్నాడు. పక్క టౌనులో ఒక షెడ్డుకు సైకిలు మీద కట్టుకుపోయి, గంటకు మిషను బాడుగ ఇచ్చి, నేనే అతికి తెచ్చాను. తెచ్చిన సాయంత్రం మా అమ్మ మొదటి బిందె కొట్టింది. పల్లెలో పెద్దాయన ఒకరు హ్యాండిలు మీద బీడును వేలితో తడిమి చూసి, "మనోడు కుట్టిందేనా?" అన్నాడు. అతికిందేనా అనలేదు, కుట్టిందేనా అన్నాడు. మా భాషలో రెండు ముక్కల్ని కలిపే మాట అదే.

అక్కడి నుంచి విజయవాడ ఆటోనగరు పోయాను. లారీలకు బాడీలు కట్టే ఒక షెడ్డు. సర్టిఫికెట్టు చూపిస్తే ఓనరు నవ్వాడు. "కాగితం కాదు, చెయ్యి చూపించు" అన్నాడు. చెయ్యి చూపించాను. చూసి, హెల్పరుగా పెట్టుకున్నాడు. రెండేళ్ళు అక్కడున్నాను. నా వెనక వచ్చిన ఓనరు చుట్టాల పిల్లలు నా దగ్గరే నేర్చుకున్నారు, మూడేళ్ళలో సొంత షెడ్డులు పెట్టుకున్నారు. వాళ్ళ చేతి పని నాకంటే మంచిది కాదు. వాళ్ళ వెనక పొలముంది, బ్యాంకులో జామీను పెట్టే మామ ఉన్నాడు. నైపుణ్యం ఉంటే చాలు పైకొస్తారని చెప్పేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. ఒకే పని నేర్చుకున్న ఇద్దరిలో ఒకడు ఓనరు అవుతాడు, ఒకడు మేస్త్రీ దాకా వచ్చి ఆగుతాడు. తేడా రాడ్డు పట్టుకోవడంలో లేదు.

1987లో విశాఖ ఉక్కు కర్మాగారం కట్టే పనిలోకి ఒక కాంట్రాక్టరు కింద పోయాను. ఆ ఫ్యాక్టరీ కోసం 1966లో రాష్ట్రమంతా లేచింది, కాల్పుల్లో జనం చచ్చారు. 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. కట్టటం 80లలో ఊపందుకుంది. దేశం నలుమూలల నుంచి వెల్డర్లు వచ్చారు. పైపుల పనికి ఊరికే తీసుకోరు, టెస్టు ముక్క వెయ్యాలి. ముక్కను వంచి చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. సైటులో జాయింట్లకు ఎక్స్‌రే రాత్రిపూట తీసేవాళ్ళు. అందర్నీ దూరంగా పంపించి, తాడు కట్టి, ఇరిడియం పెట్టెతో గామా కిరణాలు వదిలేవాళ్ళు. పొద్దున ఫిలిం వచ్చేది. లోపల గాలి బుడగ ఉంటే చుక్కలా, చిట్టెం ఇరుక్కుంటే గీతలా కనపడేది. పైన ఎంత నున్నగా ఉన్నా లోపల ఉన్నది దాగదు.

నా జీవితంలో నన్ను కులం అడక్కుండా చూసిన మొదటి కన్ను ఆ ఫిలిం. నా చేతి జాయింట్లు వరుసగా పాసవుతుంటే ఫోర్‌మెన్ నన్ను పిలిచి కష్టమైన చోట్లు ఇవ్వటం మొదలెట్టాడు. ఒకరోజు సపోర్టు బ్రాకెట్టు ఒకటి డ్రాయింగుకు తిరగేసి ట్యాక్ వేసి ఉంటే నేను ఆపాను. సైటు ఇంజినీరు వచ్చి షీటు విప్పి చూసి, "నీకు డ్రాయింగు ఎవరు నేర్పారు?" అన్నాడు. "హాస్టల్లో మా అన్న" అన్నాను. ఆ నెల నుంచి నా కూలి పెరిగింది.

పైపు జాయింటు అయిపోయాక పక్కన వెల్డరు తన నంబరు గుద్దాలి. ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొడితే అంకె దిగుద్ది. రేపు ఆ జాయింటు పగిలితే ఎవరు వేశారో తెలియటానికి అది. తప్పు పట్టుకోవడానికే పెట్టారు, నిజమే. కాని మా తాత కుట్టిన ఏ తిత్తి మీదా ఏ గుర్తూ లేదు. మా ఇంటి మూడు తరాల పనిలో ఇది ఫలానావాడు చేశాడు అని రాసి ఉన్నది ఆ అంకెలే. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. శిలాఫలకం మీద పేర్లు ఎవరివో మీకు తెలుసు. మా పేర్లు లోపల పైపుల మీద అంకెలుగా ఉన్నాయి.

అప్పటికే, 1991లో, నాకు ఇంకో ప్రభుత్వరంగ కర్మాగారంలో ఎస్.సి. కోటాలో పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి కార్డు, ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు, రోస్టరు పాయింటు, ఈ మూడూ కలిస్తే వచ్చిన ఉద్యోగం. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా రాదు. అందుకే నేను నా చేతి పనితనం ఒక్కదాని వల్ల పైకొచ్చానని ఎవరికీ చెప్పను. పనితనం ఆటోనగరులోనూ ఉంది, అక్కడ హెల్పరుగా ఉన్నాను.

ఇప్పటి సంగతి. దేశంలో ఐ.టి.ఐ.లు సుమారు 15 వేలయ్యాయి, ఎక్కువ భాగం ప్రైవేటువి. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 1973 సవరణతో అందులో ఎస్.సి., ఎస్.టి.లకు సీట్లు కేటాయించాలని వచ్చింది. కాని అదే చట్టం అప్రెంటిసు కార్మికుడు కాదు అంటుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలని అనదు. ఏటా కొత్త అప్రెంటిసులతో పని నడిపించుకోవచ్చు. 2021 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మడానికి నిర్ణయం తీసుకుంది. ప్రభుత్వరంగం పోతే రోస్టరు పాయింటూ పోద్ది. అప్పుడు మన పిల్లలకు మిగిలేది కాగితం, చెయ్యి. ఆ రెండూ పట్టుకొని నేను ఆటోనగరు గేటు దగ్గర నిలబడ్డాను, దాని విలువెంతో నాకు తెలుసు.

ఇంకొకటి. 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకం మొదలయింది. 18 చేతివృత్తుల వాళ్ళకు శిక్షణ, పనిముట్లు, తక్కువ వడ్డీకి అప్పు. అందులో కమ్మరి ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడున్నాడు, మంగలి ఉన్నాడు, చాకలి ఉన్నాడు. అప్పు రావటం మంచిదే, తీసుకునేవాళ్ళను నేను కాదనను. కాని గురుశిష్య పరంపరను, కుటుంబం నుంచి వచ్చే వృత్తిని బలపరచడం దాని ఉద్దేశమని పథకమే చెప్పుకుంటుంది. 1953 నాటి మాట ఇంకో వేషంలో వచ్చినట్టు లేదూ? 2024లో తమిళనాడు ప్రభుత్వం ఈ పథకాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయం అంది, కులవృత్తిని మళ్ళీ నెత్తిన పెట్టడమే అని అభ్యంతరం చెప్పింది. మన దగ్గర ఆ చర్చ గట్టిగా జరగలేదు. చెప్పులు కుట్టేవాడి కొడుక్కి చెప్పులు కుట్టటంలో శిక్షణ ఇస్తే అది నైపుణ్యం. కమ్మరి కొడుకూ మాదిగ కొడుకూ బ్రాహ్మడి కొడుకూ ఒకే షెడ్డులో ఒకే షీల్డు మార్చుకొని నేర్చుకుంటే అది విద్య. ఈ రెండూ ఒకటి కావు.

విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక పని చెప్తాను. ఊళ్ళలో ముసలివాళ్ళు పోకముందే, మీ ఊరి కొలిమికి తిత్తి ఎవరు కుట్టేవాళ్ళో, కపిల బొక్కెన ఎవరు కుట్టేవాళ్ళో పేర్లతో సహా రాసుకోండి. అది రాజుల చరిత్రకు తక్కువది కాదు. మీ జిల్లా ఐ.టి.ఐ.కి పోయి ఏ ట్రేడులో ఎవరున్నారో, డ్రాయింగు బోర్డు దగ్గర ఎవరు కూర్చుంటున్నారో చూడండి. పెద్ద ఫ్యాక్టరీల్లో చట్టం ప్రకారం ఎస్.సి., ఎస్.టి. అప్రెంటిసు సీట్లు ఎన్ని ఉండాలి, ఎన్ని నింపారు, నింపినవాళ్ళలో ఎంతమందికి ఉద్యోగమిచ్చారు అని అడగండి. ప్రభుత్వరంగ సంస్థ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగొచ్చు. జవాబు రాకపోతే అప్పీలుకు పోండి. ఆ లెక్కలు చేతిలో ఉంటే మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.